గొంతుకు ఒక్కపొద్దు

“కరెంటును సీసాలో ఎట్ల పోస్తారు మే?” అని మా అత్త అడిగింది.

కర్నూలు పెద్దాసుపత్రిలో నా గొంతు కోసి, కట్టు కట్టి ఇంటికి పంపిన రోజది. గొంతు కోశారని మాటవరసకు అనడం లేదు, నిజంగానే కోశారు. గొంతు ముందువైపు ఉండే థైరాయిడ్ గ్రంథిలో గడ్డ లేచింది, అది క్యాన్సరని తేలింది. పాప కడుపులో ఉన్నప్పుడే ఆ గడ్డ చేతికి తగిలేది. నీళ్లు పడక వచ్చిందని ఒకరు, కడుపుతో ఉన్నవాళ్లకు మామూలేనని ఒకరు అన్నారు. అందరి మాటా విని ఊరుకున్నాను. పాప పుట్టాక కూడా అది తగ్గలేదు, ఉసిరికాయంత అయింది. అప్పుడు కర్నూలు వెళ్లాం.

మాది దూది ఏకేవాళ్ల కుటుంబం. నమాజు చేస్తాం, ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాం. నేను పుట్టింది ఎమ్మిగనూరులో, మా నాన్నకు అక్కడ పరుపులు కుట్టే అంగడి ఉండేది. ఇచ్చింది ఆదోనికి. మా ఆయన పత్తి మిల్లులో గుమాస్తా. ఇంట్లో ఆయన, నేను, ఏడాది నిండని పాప, మా అత్త. మామ పోయాక ఆమె చుట్టుపక్కల ఇళ్లకు బొంతలు కుట్టిపెట్టేది. ఎనభయ్యో దశకం మొదట్లో సంగతి ఇది.

క్యాన్సరుకు కిరణాలతో చేసే వైద్యాన్ని మా వైపు ఇప్పటికీ ‘కరెంటు పెట్టడం’ అంటారు. మనిషిని బల్ల మీద పడుకోబెట్టి, పైనుంచి పెద్ద మిషనుతో పెడతారని అందరికీ తెలుసు. మాకు కర్నూలు డాక్టరు చెప్పింది వేరు. గ్రంథినంతా తీసేశాను కానీ కంటికి కనపడని తునకలు మెడలోనో మరెక్కడో మిగిలి ఉంటాయి, వాటి మీద బయటి నుంచి కరెంటు పెట్టి లాభం లేదు, తాగే మందు ఒకటుంది, కిరణం ఆ మందులోనే ఉంటుంది అన్నాడు. తాగితే అది ఒళ్లంతా తిరిగి, ఆ తునకలు ఎక్కడుంటే అక్కడికే చేరి, అక్కడే కూర్చుని వాటిని కాలుస్తుందట. మిగతా ఒంటికి పెద్దగా ఏమీ కాదట. దానికి బొంబాయి పోవాలన్నాడు.

“డాక్టరు కండ్లకే కనపడని సోటు మందుకు ఎట్ల కనపడ్తాది? దానికేమన్నా కండ్లుండాయా?” అంది అత్త.

“అది అయోడినంటమ్మా. ఆ తునకలకు అయోడినంటే ఆకలంట. యాడున్నా లాక్కుంటాయంట. దాంట్లో కిరణం కలిపి ఇస్తారు” అని మా ఆయన ఓపికగా చెప్పాడు.

అత్త, “ఎలకల మందు పిండిలో కలిపి పెట్టినట్ల” అంది. మా ఆయనకు నవ్వు వచ్చింది. నాకు రాలేదు. ఎలుక నా మెడలో ఉంది కదా.

డాక్టరు రెండు జాగ్రత్తలు చెప్పాడు. మొదటిది, పాపకు పాలు మాన్పించాలి. ఆ మందు పాలలోకి కూడా పోతుంది కాబట్టి బొంబాయి పోయేలోగా పాలు పూర్తిగా ఆగిపోవాలి. రెండోది, అయోడిన్ ఉన్న మందు, టానిక్కు ఏదీ వాడకూడదు. చేపలు తినకూడదు, గుడ్లు, పాలు తగ్గించాలి. తీసేసిన గ్రంథికి బదులు మింగాల్సిన థైరాయిడు మాత్రలు కూడా అప్పుడే మొదలుపెట్టనని చెప్పాడు.

చేపల సంగతి సులభం. ఆదోనిలో సముద్రపు చేప మొహం మేమెప్పుడు చూశాం కనుక. కష్టమంతా పాల దగ్గరే వచ్చింది. అత్త వేపాకు నూరి ఇచ్చింది, నేను రొమ్ములకు పూసుకున్నాను. పాప ఆత్రంగా నోరు పెట్టి, చేదు తగలగానే మొహం చిట్లించి, తల ఎత్తి నన్ను చూసింది. ఆ చూపులో ఏడుపు లేదు, ఆశ్చర్యం ఉంది. నేను ఆ రోజు అన్నం తినలేదు. పాలు గడ్డకట్టి, జ్వరం వచ్చి, జాకెట్టు తడిసిపోతుంటే గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. పాప పక్కగదిలో అత్త ఒళ్లో ఆవుపాలు తాగుతూ మధ్యమధ్యలో వెక్కేది. బొంబాయి పోతే బతుకుతాను, బతికితే దీన్ని పెంచుకుంటాను అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ ఒక్కమాట పట్టుకునే ఆ రోజులు గడిచాయి.

ఇక సీసా సంగతి చెప్పాలి.

మా ఇంట్లో గోధుమరంగు సీసా ఒకటి ఎప్పుడూ ఉండేది. చీటీ ఎప్పుడో ఊడిపోయింది. పత్తి మిల్లులో వేలు తెగినా, బొంత కుట్టేటప్పుడు దబ్బనం దిగినా, పిల్లలకు చెంపలు వాచినా అందులోని టించరే పూసేవాళ్లం. నాకు కుట్లు విప్పాక అత్త ఆ సీసాను కొంగులో కట్టుకుని దర్గాకు పోయింది. ఏ మంచిపనికైనా, ఏ జబ్బుకైనా ఆమె అక్కడికి పోవాల్సిందే. దర్గా చూసుకునే ముజావరు సాబు అందరికీ నీళ్ల మీద దువా చదివి ఊది ఇస్తాడు. ఈమె నీళ్లకు బదులు టించరు పట్టుకుపోయింది. డాక్టరు మందు, దర్గా దీవెన రెండూ ఒకే సీసాలో ఉంటే ఇంక తిరుగు లేదని ఆమె లెక్క. ఆయన కూడా కాదనకుండా ఊది ఇచ్చాడట.

అప్పటినుంచి ఆ సీసా మందుల డబ్బాలో ఉండలేదు. ఖురాను పెట్టే గూట్లోకి, ఖురానుకు తొడిగిన గలీబు గుడ్డ పక్కకు చేరింది. పేరు కూడా మారింది, ‘బాబా సీసా’ అయింది. రోజూ పొద్దుగూకి మగ్రిబు నమాజు కాగానే అత్త సాంబ్రాణి పొగ వేసి, బిస్మిల్లా అని, కోడి ఈకతో నా మెడ మీది మచ్చకు ఈ కొస నుంచి ఆ కొస దాకా పూసేది. చల్లగా తగిలి తర్వాత చురుక్కుమనేది. ఆ కాసేపు నాకు నిజంగా ధైర్యంగా ఉండేది, అబద్ధమెందుకు.

మా ఆయన చదువుకున్నవాడు. టించరులో ఏముంటుందో ఆయనకు తెలియనిది కాదు. నేను ఎనిమిది దాకా చదివాను. అయినా ఇద్దరికీ తట్టలేదు. దువా చదివిన క్షణం నుంచి అది మా కంటికి మందు కాదు మరి.

పాపను అత్తకు అప్పగించి, మధ్యాహ్నం బొంబాయి రైలెక్కాం. రాయచూరు దాటాక నేను కిటికీ మూసేశాను, బయట పసిపిల్లలు కనపడినప్పుడల్లా ఏడుపొస్తోందని.

బొంబాయిలో ముందు ఒక పరీక్ష చేస్తారు. అదే మందును చాలా కొంచెంగా తాగించి, మర్నాడు మెడకు ఎదురుగా మిషను పెట్టి, మందు అక్కడికి చేరిందా లేదా చూస్తారు. చేరితేనే అసలు మందు ఇస్తారు. నేను కుర్చీలో కదలకుండా కూర్చున్నాను. మిషను అప్పుడొకటి ఇప్పుడొకటిగా టిక్కుమంది. డాక్టరు కాగితం చూశాడు, మళ్లీ పెట్టించాడు, మళ్లీ చూశాడు. మెడ మందును తీసుకోలేదన్నాడు.

ఏమైనా రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీశారా అని హిందీలో అడిగాడు. లేదన్నాం. దగ్గుమందు తాగారా, టానిక్కు వాడారా, అయోడిన్ కలిసింది ఏదైనా? మా ఆయన అన్నిటికీ లేదు, లేదు అని చెప్పాడు. డాక్టరు చెప్పింది చెప్పినట్టు పాటించామని గర్వంగా కూడా చెప్పాడు. ఆ గదిలో ఒక నర్సు ఉంది. నా పైట సర్దబోయి ఆగి, మచ్చ మీద వేలితో రుద్ది, వేలు వాసన చూసింది. పసుపూ గోధుమా కలిసిన మరక. ఇదేమిటని అడిగింది.

“అది మందు కాదు, దర్గాది” అన్నాడు మా ఆయన, వచ్చిన హిందీలో.

అన్నాక ఆయనకే అర్థమైంది. టించరంటేనే అయోడిన్.

డాక్టరు కోప్పడతాడనుకున్నాను, కోప్పడలేదు. కలం కింద పెట్టి మెల్లగా చెప్పాడు. ఈ మందుకు కళ్లు లేవు. ఆ తునకలకు అయోడిన్ కావాలి, ఆకలి మీద ఉన్నప్పుడు ఏ అయోడిన్ వచ్చినా లాక్కుంటాయి. కిరణమున్నదా లేనిదా అని చూసుకోవు. ఆకలే దారి చూపిస్తుంది. మీరు రోజూ చర్మం మీద పూసింది లోపలికి ఇంకి వాటి కడుపు నింపింది, ఇప్పుడు నేనేమిచ్చినా అవి తినవు. పూయడం మానెయ్యండి. ఒంట్లో ఉన్నదంతా పోవాలి. రెండు నెలలాగి రండి.

ఈలోగా అవి పెరగవా అని నేను అడిగాను. ఎక్కువ పెరగకపోవచ్చు అన్నాడు. ‘పెరగవు’ అనలేదు. తిరుగు రైలులో ఆదోని వచ్చేదాకా నేను ఆ మాట చుట్టూనే తిరిగాను.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇప్పుడు ముసలిదాన్నై కొంచెం కిందికి దిగింది గానీ అప్పుడు ముక్కు మీదే కాపురం. ఇంట్లో అడుగు పెట్టగానే గూట్లోని సీసా తీసి వాకిట్లోకి విసిరికొట్టాను. పాపను ఎత్తుకుని నిలబడిన అత్త బిత్తరపోయింది. మా ఆయన సంగతంతా చెప్పాడు. నేను పాపను లాక్కుని, రెండు చీరలు సంచిలో కుక్కుకుని, ఎమ్మిగనూరు బస్సెక్కాను.

నా మంటంతా పాల గురించే. వృథాగా పాలు మాన్పించాను. ఇంకో రెండు నెలలు ఆ బిడ్డ నా దగ్గర తాగి ఉండేది. బస్సులో పాప నా రొమ్ము వెతుక్కోలేదు. ఒకసారి మొహం ఆనించి, గుర్తొచ్చినట్టు వెనక్కి తీసుకుంది. ఎదురు సీటులో దేవనకొండ మనిషి ఎవరో ఉంది. “బిడ్డకు ఆకలిగా ఉన్నట్లుండాది, పాలియ్యమ్మా” అని మంచిగానే చెప్పింది. ఆమె మీద కూడా మండిపడ్డాను.

మా నాన్నకు జరిగింది చెప్పాను. దూది ఏకుతూ వింటున్నాడు. అంతా విని, “పూసింది సంపాలని కాదు కదమ్మా” అన్నాడు. “సంపాలని పూసినా ఇంతకంటే బాగా పూయలేరు నాయనా” అన్నాను. ఆయన మళ్లీ దూది ఏకే విల్లు తీసుకున్నాడు.

వారం గడవకముందే అత్త వచ్చింది. ఒంటరిగా బస్సెక్కడం ఆమెకు అలవాటు లేదు. ఎమ్మిగనూరులో దిగి మగ్గాల వీధులన్నీ తిరిగి, దారి అడుగుతూ వచ్చిందట. లోపలికి రాలేదు. అంగడి అరుగు మీదే కూర్చుని, “నాకు సరింగా సెప్పినోళ్లు లేరు. మావోడు సెప్పబోయి ఏడుస్తాండాడు. నేను సేసిందేందో నువ్వే సెప్పు మే” అంది.

తిట్టడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. కానీ ఆమె చెప్పులు చేతిలో పట్టుకుని కూర్చుంది, ఒకదాని పట్టె తెగిపోయి ఉంది. డాక్టరు చెప్పినదంతా చెప్పాను. ఆకలి సంగతి, కడుపు నిండిన సంగతి.

ఆమె తెగిన చెప్పు అరుగు మీద పెట్టింది.

“అంటే నీ గొంతు ఒక్కపొద్దు ఉండాల. పొద్దు గూకి ఇఫ్తారుకు కూసున్నప్పుడు ఆ మందు ముందర పెట్టాల. అంతే కదా?”

“అంతే.”

“నేను దినామూ నా సేతులార దాని ఒక్కపొద్దు సెడగొట్టినా.” ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నాకు డాక్టరు ఆ మాట సెప్పుంటే నీళ్ల సుక్క పోనిచ్చుందునా మే?”

మా వైపు రంజాను ఉపవాసాన్ని ఒక్కపొద్దే అంటాం. అయోడినూ కిరణమూ ఆమెకు అర్థం కాలేదు గానీ, ఒక్కపొద్దు మాత్రం ఆమెకు తెలిసినంతగా బొంబాయి డాక్టరుకు కూడా తెలియదు. కోపం పోయిందని చెప్పను. ఆ సాయంత్రం బస్సుకు మాత్రం ముగ్గురం కలిసే ఆదోని వచ్చాం.

ఆ తర్వాత మా ఇంట్లో నడిచింది పోలీసు రాజ్యం. ఆమె పోలీసు, నేను ఖైదీ. పక్కింటివాళ్లు దగ్గుమందు చెంచాడు ఇచ్చినా వెనక్కి పంపేది. ఎర్ర మందు, పచ్చ మందు, పళ్లపొడి, ఏది కనపడినా మా ఆయన చేత చదివించేది. రంజాను నెల ఎండల్లోనే వచ్చింది. ఆమె ఒక్కపొద్దులు ఆమె ఉంటూనే, నా కంచం దగ్గర కాపలా కూర్చునేది. పండగనాడు ఇంట్లో పాలు పోసి సేమ్యా కాయలేదు. పక్కిళ్లనుంచి వచ్చిన గిన్నెల మీద మూతలైనా తీయనివ్వలేదు. “దాని గొంతుకు ఇంకా పండగ రాలేదు” అని వచ్చినవాళ్లకు చెప్పేది. వాళ్లు ఈమెకు మతి తప్పిందనుకుని ఉంటారు.

థైరాయిడు మాత్రలు లేకపోతే మనిషి ఎట్లా అవుతుందో ఆ నెలల్లో తెలిసింది. ఆదోని ఎండకు కాకులు నోళ్లు తెరుచుకుని ఉంటే, నేను దుప్పటి కప్పుకుని వణికేదాన్ని. మొహం ఉబ్బింది, గొంతు మగగొంతైంది. మాట మొదలుపెట్టి ఎందుకు మొదలుపెట్టానో మరిచిపోయేదాన్ని. పాప పిలిస్తే వినపడేది, పలికేలోగా అది వెళ్లిపోయేది. కొత్తగా నడక నేర్చింది, దాని వెనక పోయే ఓపిక నాకు లేదు. అత్తే పోయేది.

రెండోసారి బొంబాయిలో మిషను టిక్కుటిక్కుమనడం ఆగలేదు. మెడ మందును లాక్కుందని డాక్టరు చెప్పాడు. నా మెడకు అంత ఆకలి వేసినందుకు నాకు సంతోషం పట్టలేదు.

అసలు మందు, కిరణం బయటికి రాకుండా, సీసం లోహంతో చేసిన డబ్బాలో వచ్చింది. అంత బరువైన డబ్బా లోపల ఇంత చిన్న గ్లాసు. సీసపు ఇటుకల గోడ వెనక నిలబడి నర్సు తాగమంది, నేను గొట్టంతో పీల్చాను. రుచి ఏమీ లేదు, నీళ్లే. ఇంత ఏడుపూ ఈ గుక్కెడు నీళ్ల కోసమా అనిపించింది. తర్వాత గది తలుపు మూశారు. అన్నం గడప దగ్గర పెట్టి వెళ్లేవాళ్లు, నిమ్మబద్దలు చప్పరిస్తూ ఉండమనేవాళ్లు, నీళ్లు బాగా తాగమనేవాళ్లు. రోజూ ఒకాయన దూరంగా నిలబడి చేతిలో మిషనుతో నన్ను కొలిచేవాడు. అది చప్పుడు చేసినంతసేపూ నేను బయటికి పోకూడదు. నాలోంచి కనపడనిదేదో బయటికి వస్తోందని ఆ చప్పుడు చెప్పేది. నాకు నొప్పి లేదు, మంట లేదు. భయం మాత్రం ఉంది, పైకి ఏ గుర్తూ లేని భయం.

చప్పుడు బాగా తగ్గాక పంపించేశారు. థైరాయిడు మాత్రలు మొదలుపెట్టారు. కానీ పసిపిల్లలను కొన్నాళ్లు ఎత్తుకోవద్దు, పక్కలో వేసుకోవద్దు, కంచం గ్లాసు వేరుగా ఉంచుకో అన్నారు. మళ్లీ చూపించుకున్నాక ఎప్పుడు ఎత్తుకోవచ్చో చెప్తామన్నారు.

మా ఇళ్లలో ఆడవాళ్లం ఒక పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని తినేవాళ్లం. నాకు వీధివైపు గదిలో మంచం వేసి, విడిగా కంచం పెట్టారు. అది చూసి వీధిలో గుసగుసలు లేచాయి. క్షయ అన్నారు, కుష్టు అన్నారు. అత్త ఒకరోజు వాకిట్లో నిలబడి, “మా కోడలు కిరణం తాగొచ్చింది, మీరు తాగగల్రా?” అని అరిచింది. ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

నాకు బాధ వీధితో కాదు. నడిమింటి గడప అవతల పాప ఉండేది. నన్ను చూసి చేతులు చాచి వచ్చేది, అత్త ఎత్తుకుని వెనక్కి పోయేది. పాప ఏడ్చేది. కొన్నాళ్లకు ఏడవడం మానేసి చూసి వెళ్లేది. మరికొన్నాళ్లకు చూడటం కూడా మానేసింది. అత్తను ‘జేజీ’ అని, అంటే నాయనమ్మా అని, పిలవడం నేర్చింది. దాని నోట మొదట వచ్చిన స్పష్టమైన మాట అదే. నేను మంచం మీద పడుకుని వినేదాన్ని.

ఇక ఎత్తుకోవచ్చని బొంబాయిలో చెప్పిన రోజు నాకు రైలు నడుస్తున్నట్టే అనిపించలేదు. ఇంటికి వచ్చి, ఒళ్లు కడుక్కుని, కొత్త చీర కట్టుకుని పాప దగ్గరికి పోయాను. చేతులు చాచాను. పాప అత్త మెడ కరుచుకుంది. నేను నవ్వుతూనే లాక్కున్నాను. అది వెనక్కి విరుచుకుపడి, నా మొహం మీద చేతులతో కొట్టి, ఊపిరి ఆగిపోయేలా ఏడ్చింది. అత్త చేతికి పోగానే చప్పున ఆగింది. ఆ రాత్రికి కూడా పాప ఆమె పక్కలోనే పడుకుంది. మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే. దేనికోసం బతకాలనుకున్నానో అది నన్ను గుర్తుపట్టడం లేదు.

ఒకనాడు పొద్దున అత్త సంచి సర్దుకుంటూ కనపడింది. తుగ్గలిలో ఉన్న కూతురింటికి పోతున్నానంది. వాళ్ల చేలో శెనిక్కాయలు పీకుతున్నారట, కూలోళ్లు దొరకడం లేదట.

“ఇప్పుడా?” అన్నాను. “పాప నీకు అలవాటు పడింది. నాదగ్గరకు రాదు. దీన్ని నా మొహాన కొట్టి పోతాండావా?”

“వస్తాది లే” అని మాత్రం అంది. పాప నిద్రలో ఉండగానే వెళ్లిపోయింది. నిద్రపోతున్న బిడ్డను ముట్టుకోను కూడా లేదు. ఆమెకు రాయి గుండె అనుకున్నాను. నా చాకిరీకి విసిగిపోయిందనీ అనుకున్నాను.

పాప లేచి ఇల్లంతా వెతికింది. వంటింట్లో, గూటి కింద, బొంతల కుప్ప వెనక. ‘జేజీ’ అని పిలుస్తూ వాకిలి దగ్గర నిలబడింది. నేను పెడితే అన్నం ఉమ్మేసింది. మా ఆయన ఎత్తుకుని తిప్పితే కాస్త తినేది. రోజూ ఇదే. నేను ఇంక దాన్ని లాక్కోలేదు. దానికి కొంచెం దూరంలో కూర్చుని నా పని నేను చేసుకునేదాన్ని, దానికి ఇష్టమైన రొట్టెముక్క చేతికి అందేచోట పెట్టి.

మా ఆయన ఆదివారం తుగ్గలి వెళ్లి వచ్చాడు. ఎప్పుడొస్తుందట అని అడిగితే, ఇంకా పని ఉందట అన్నాడు.

ఒక మధ్యాహ్నం నేను బియ్యం ఏరుతున్నాను. పాప వచ్చి, నాకు వీపు ఆనించి కూర్చుంది. నేను కదలలేదు. చేటలో చేయి పెట్టి బియ్యం చెదరగొట్టింది, అయినా ఏమీ అనలేదు. కాసేపటికి అది ఒరిగి నా తొడ మీద తల పెట్టి నిద్రపోయింది. ఎండ వాకిలి దాటి లోపలికి వచ్చినా, కాళ్లు తిమ్మిరెక్కినా, అది లేచేదాకా లేవలేదు. ఆ రోజు తర్వాత నా చేత్తో తింది. ఇంకొన్ని రోజులకు నా పక్కలోకి వచ్చింది.

మళ్లీ తుగ్గలి వెళ్లి వచ్చిన మా ఆయన ఈసారి మంచం మీద కూర్చుని చెప్పులు విప్పకుండా అట్లాగే ఉండిపోయాడు. ఏమైందని అడిగాను.

“మొదటిసారి పోయినప్పుడు మాయమ్మ ఒకటే అడిగింది. పాప నన్ను అడుగుతాందా అని. అడుగుతాందమ్మా, దినామూ వాకిట్లో నిలబడి పిలుస్తాంది అన్నా. అట్లయితే నేను ఇంకా రాను అనింది. నీకు సెప్పొద్దనింది” అన్నాడు.

“ఇప్పుడు?”

“ఇప్పుడూ అదే అడిగింది. పాప నిన్ను అడగడం మానుకుందమ్మా, వాళ్లమ్మ దగ్గరే ఉంటాది అన్నా. శానా మంచిదయింది అనింది. అని శెనిక్కాయల కుప్ప ఎనక్కి పోయింది. శానాసేపు రాలేదు.” ఆయన వంగి చెప్పులు విప్పాడు. “పని ఎప్పుడో అయిపోయిందంట. అక్క సెప్పింది. అన్నం సరింగా తినడంల్యా అంట.”

మర్నాడు మధ్యాహ్నం బస్సుకు ఆమె వచ్చింది. చిక్కిపోయింది, ఎండకు నల్లబడింది, చేతిలో శెనిక్కాయల మూట. పాప నా దగ్గర ఉంది. ఆమెను ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసి, నా చీర కుచ్చిళ్లలోకి దూరింది. ఆమె గడప మీదే ఆగిపోయింది. నేను పాపను పట్టుకుని ముందుకు లాగి, “మన జేజే, పో, జేజి దగ్గరికి పో” అన్నాను. పాప ఏడుపు లంకించుకుంది.

“వద్దు మే, ఉండనీ” అంది అత్త. “నీ దగ్గరే ఉండనీ.”

ఆమె నవ్వబోయింది, చేతకాలేదు. గోడవారగా కూర్చుని, మూట విప్పి, మావైపు చూడకుండా ఒక్కొక్క కాయ చిదిమి గింజలు ఒళ్లో వేసుకోవడం మొదలుపెట్టింది. బొంబాయి మందు నన్ను బతికించింది, ఆ మాట ఎవరడిగినా చెప్తాను. నా బిడ్డను నాకు ఇచ్చింది మాత్రం ఈమె. పాపను చంకనెత్తుకుని వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. ఏదో చెప్పాలని నోరు తెరిచాను, ఏడుపు వచ్చింది. ఆమె చేయి ఆపకుండానే, “ఊరికే ఉండు మే, బిడ్డ భయపడ్తాది” అంది.